అడగకుండా పంచిన చక్కెర

నాకు ఊళ్లన్నీ తిండితోనే గుర్తుంటాయి. వనపర్తి అనగానే అందరికీ పాత సంస్థానమూ, కాలేజీలూ గుర్తొస్తే, నాకు మాత్రం పొద్దున్నే పెనంలో చుట్టే వేడి జిలేబీ గుర్తొస్తుంది. బిజినేపల్లి అంటే చౌరస్తాలో తోపుడుబండి మీది పల్లీపట్టి. నాగర్‌కర్నూల్ సొంత ఊరు కాబట్టి అక్కడ ఏ కొట్టు మైసూర్‌పాక్ నోట్లో కరుగుతుందో, ఏ కొట్టుది పన్ను విరగ్గొడుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఇంట్లో నన్ను తిండిపోతు అంటారు. అననీ. తినేవాళ్లను చూసి కుళ్లుకునే వాళ్లకేం కొదవ లేదు, మనసారా పెట్టేవాళ్లే కరువు.

మనసారా పెట్టే మనిషి మా ఇంట్లో ఒక్కతే ఉంది, మా నాయనమ్మ. వయసులో ఉన్నన్నాళ్లూ ఆమె తాతతో కలిసి వలసపోయింది. బొంబాయి, పూణే, కాలువ పనులు, రోడ్డు పనులు, ఎక్కడ గంప ఎత్తమంటే అక్కడికి. నా చిన్నప్పుడు కూడా పోయి వస్తుండేది. తొలకరికి ముందు ఇల్లు చేరేటప్పుడు ఆమె కొంగు చివర ఒక ముడి ఉండేది. అందులో కలకండ ముక్కలు, కొన్నిసార్లు నువ్వుండలు. నన్ను దగ్గరికి లాక్కుని, ముడి విప్పి, చెప్పాపెట్టకుండా నా నోట్లో ఒక ముక్క పెట్టేది. చెమట వాసన, కలకండ తీపి కలిసిన ఆ రుచి తర్వాత నాకు ఎక్కడా దొరకలేదు. నా పక్కన ఏ పిల్ల నిలబడి ఉంటే ఆ పిల్ల నోట్లోనూ ఒక ముక్క పడేది. చివరికి ముడిలో ఏమీ మిగిలేది కాదు. "జర ఇంట్లకుంచు అత్తా" అని అమ్మ గొణిగేది. నాయనమ్మ వినిపించుకునేది కాదు.

నేను చదువుకుని వనపర్తిలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో కుదిరాను. చేతిలో నాలుగు రాళ్లు ఆడటం మొదలయ్యాక నా నోటికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. కొత్త హోటల్ తెరిచారంటే ఆ వారంలోనే నేనక్కడ. ఇంట్లో ఉన్న ఆదివారం పొయ్యి మీద నా పాకాలే. పల్లీపట్టి, నువ్వులపట్టి, కొబ్బరి లౌజు, ఒకసారి వీడియో చూసి పాలకోవా కూడా చేశాను. అది కోవా కాలేదు, రాయి అయింది. నాయనమ్మ ఆ రాయిని కూడా రోట్లో దంచి పొడి చేసి వాడకట్టులో అందరికీ పంచి వచ్చింది.

నా పెళ్లిచూపులూ హోటల్లోనే. అబ్బాయి వాళ్లది గద్వాల, మాది నాగర్‌కర్నూల్, కాబట్టి మధ్యలో వనపర్తిలో కలుద్దామన్నారు. అతను విత్తనాల కంపెనీలో ఉద్యోగం చేస్తాడు. వాళ్లకు కృష్ణ అవతల సొంత చేను ఉంది. వాళ్లమ్మ రాయచూరు వైపు పుట్టిన మనిషి, తెలుగు మాట్లాడుతుంటే మధ్యలో కన్నడం దొర్లేది. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది. ఆ లోటు తీర్చడానికి అబ్బాయి మేనత్త వచ్చింది.

"మీవోళ్లు బొంబయికి పోయెటోళ్లంట గద?" అందామె, అన్నంలో పెరుగు కలుపుకుంటూ.

మా నాయిన చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఆయన బస్సుల డిపోలో మెకానిక్. వలస మానేసి ఊళ్లో నిలబడ్డ మొదటి తరం. "మా అమ్మానాయిన పోతుండిరి. ఇప్పుడెవ్వరం పోతలేం" అన్నాడు. ఆ తర్వాత ఆయన సరిగ్గా తినలేదు. నాకు ఒళ్లు మండింది. గంప ఎత్తి బతికితే తప్పేంటి అని అడుగుదామనుకున్నాను. ఇంతలో అబ్బాయి వెయిటర్‌ని పిలిచి, సిగ్గూ ఎగ్గూ లేకుండా, ఇంకో ప్లేటు డబుల్ కా మీఠా తెమ్మన్నాడు. మొదటి ప్లేటు అప్పటికే ఊడ్చేశాడు. వచ్చాక సగం నా వైపు జరిపాడు. నా మనసు ఆ ప్లేటుతోనే ఖాయమైంది, ముహూర్తం పెట్టేవాళ్లు ఎప్పుడు పెడితే ఏంటి.

నిశ్చితార్థం అయింది. వాళ్లు లడ్డూ డబ్బాలు తెచ్చారు. అందరం తిన్నాం, ఫోటోలు దిగాం. నాయనమ్మ మాత్రం మొహం గంటు పెట్టుకుంది.

"సక్కెరేది?" అంది నన్ను పక్కకు పిలిచి.

మా వాడకట్టులో ఆడపిల్ల సంబంధం ఖాయమైతే మగపెళ్లివాళ్లు చక్కెర తేవాలి. తెచ్చిన రోజే, దీపాలు పెట్టకముందే, దాన్ని ఇంటింటికీ పిడికెడు చొప్పున పంచాలి. చక్కెర అందిందంటే ఆ ఇంటి పిల్ల ఖాయమైందని అందరికీ తెలిసినట్టు. ఇంట్లోనే దాచుకుంటే ఆ పిల్ల సంసారంలో తీపి నిలవదని మా ముసలివాళ్ల నమ్మకం. "లడ్డూలు పంచినం గదా అవ్వా" అని నేనెంత చెప్పినా ఆమె వినలేదు. "లడ్డు లడ్డే, సక్కెర సక్కెరే. సక్కెర రానిది ఖాయం ఎట్లయితది?" ఎవరైనా నా పెళ్లి సంగతి అడిగితే, "ఇంక సక్కెర రాలే" అని నిష్ఠూరంగా చెప్పేది. ఆమె పెళ్లికి చక్కెర కొనే స్తోమతు ఎవరికీ లేక బెల్లంతో కానిచ్చారట. ఆ లోటు ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. నా పెళ్లికైనా తెల్ల చక్కెర పంచాలని ఆమె ఆశ.

కార్తీక పున్నమికి వస్తున్నామని గద్వాల నుంచి ఫోన్ వచ్చింది. పెళ్లికి ముందు వచ్చే ఈ పున్నమికి కోడలికి చీర, పూలు తేవడం వాళ్ల ఆనవాయితీ అన్నారు. పొద్దున్నే కారు దిగారు. అబ్బాయి వాళ్లమ్మ, నాకు కాబోయే అత్తమ్మ, చేతుల్లో గుడ్డ కప్పిన పెద్ద తాంబాళం. దారి పొడుగునా దాన్ని ఒడిలోనే పట్టుకుని కూర్చుందట. డ్రైవర్‌ని గతుకుల మీద మెల్లగా పొమ్మని పదేపదే చెప్పిందని అబ్బాయి నవ్వాడు.

గుడ్డ తీయగానే నేను నోరు వెళ్లబెట్టాను. తాంబాళం నిండా తెల్లటి బొమ్మలు. తొండం ఎత్తిన ఏనుగులు, ఎదురెదురుగా చిలుకలు, ఒక తులసికోట, మధ్యలో చక్రాలున్న రథం. అన్నీ చక్కెరతో పోసినవే. చేత్తో తాకితే చల్లగా, నున్నగా ఉన్నాయి. ఇన్ని ఊళ్లలో ఇన్ని తీపులు తిన్న నేను అలాంటివి ఎన్నడూ చూడలేదు.

"ఎట్ల చేసిండ్రు అత్తమ్మా?" అని అక్కడే నేల మీద కూలబడ్డాను. నా ఆత్రం చూసి ఆమె మొదటిసారి నవ్వింది.

"పాకంల పాలు పోస్తే మురికి మీదికి తేలుతది. అది తీసి, గుడ్డల వడగట్టి, తెల్లగయ్యేదాక గంటెతోని గిన్నె అంచుకు రుద్దాలె. చెక్క అచ్చులు మాత్రం రాత్రంత నీళ్లల్ల నానాలె. నానకపోతే చక్కెర అచ్చుకు పట్టుకుంటది, తీస్తే ఇరుగుతది. ఈ రథం అచ్చు మా అమ్మది. ఏడాదికి ఒక్కసారే బయటికి తీస్త." ఆమె మణికట్టు మీద కొత్తగా కాలిన మచ్చ ఎర్రగా మెరుస్తోంది. "దీన్ని సక్కరె ఆరతి అంటం. సాయంత్రం చంద్రుడు కనవడ్డంక నిన్ను పీట మీద కూసోవెట్టి, ఇవి ముందట వెట్టి, దీపాలు తిప్పుతం."

నాయనమ్మ అప్పుడు పెరట్లో గిన్నెలు కడుగుతోంది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికొచ్చేసరికి ఆ మాటలన్నీ అయిపోయాయి. గడప దగ్గరే ఆగి తాంబాళం వైపు చూసింది.

"ఇదంత సక్కెరేనా?"

"హౌదు పెద్దమ్మా, అంత సక్కెరే" అంది అత్తమ్మ.

నాయనమ్మ మొహం చాటంత అయింది. ఒక ఏనుగును వేలితో ముట్టి, ఆ వేలు కళ్లకద్దుకుంది. నేనది చూశాను. ముచ్చటపడిందనుకున్నాను, అంతే.

మధ్యాహ్నం భోజనాలకు నాయిన మెయిన్ రోడ్డు మీది హోటల్లో చెప్పి పెట్టాడు. ఇంట్లో వండితే ఎక్కడ ఎవరు వేలెత్తి చూపుతారో అని ఆయన భయం. నాయనమ్మ రానంది. "ఇల్లున్నోళ్లు హోటల్ల తినుడేంది? దిక్కు లేనప్పుడు తిన్నం సాలు" అంది. తాంబాళం దేవుడి గూట్లో పెట్టి మేం బయల్దేరాం.

ఏసీ హాలు, గాజు గ్లాసులు, మెనూ కార్డులు. మామూలు రోజైతే నేను ఆ కార్డును ఆ చివర నుంచి ఈ చివర దాకా నమిలేసేదాన్ని. పున్నమి కాబట్టి అందరికీ శాకాహారమే. పనీర్ కూర వచ్చింది, పూర్ణం భక్ష్యాలు వచ్చాయి, గులాబ్ జామూన్ వచ్చింది. ఇంకా మొదటి భక్ష్యం తుంచుతూనే ఉన్నాను, మేనత్త మొదలెట్టింది.

"సాయంత్రం ఆరతి మంచిగైతే రేపే అయ్యగారితోని ముహూర్తం రాయించుకుందం" అంది మా అమ్మతో. "మాకు గిది శాన పట్టింపు వదినె. దీపం చూపకముందే బొమ్మ ఇరిగితే మావోళ్లు ముందుకు పోరు. మా చిన్నాయిన కొడుక్కు గట్లనే అయింది. కారుల చిలుక ముక్కు ఇరిగింది. సంబంధమే ఇడిసిపెట్టిండ్రు."

"ఇప్పుడు గవన్ని ఎందుకత్తా" అన్నాడు అబ్బాయి.

"ఉన్న మాట చెప్పిన నాయినా."

నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె కాదనలేదు. పప్పులో ఉప్పు వేసుకుంటూ తల వంచుకుంది. ఆ భక్ష్యం నా నోట్లో మట్టిలా తిరిగింది. తీపి తినలేక వదిలేయడం నా బతుకులో అదే మొదలు. గులాబ్ జామూన్ పాకంలో అలాగే మునిగి ఉండిపోయింది. బొమ్మలు దేవుడి గూట్లో భద్రంగా ఉన్నాయి, వాటిని కదిపే మనిషి లేదు, భయమెందుకని నాకు నేనే చెప్పుకున్నాను.

వాళ్లు బిజినేపల్లిలో చుట్టాల్ని చూసి పొద్దుగూకేలోపు వస్తామని అటు వెళ్లారు. మేం ఇంటికొచ్చాం.

దేవుడి గూడు ఖాళీగా ఉంది. తాంబాళం పెరటి గోడకు ఆనించి ఉంది, కడిగి. రోలు పక్కన తెల్లటి పొడి, దాని చుట్టూ చీమల బారు. నాయనమ్మ అరుగు మీద కూర్చుని కాళ్లు చాపుకుని వక్క నములుతోంది. ఆమె అంత సంబరంగా ఉండగా నేను చూసి చాలా ఏళ్లయింది.

"పంచొచ్చిన బిడ్డా! ఒక్క ఇల్లు ఇడవలే. ఏనుగులు గట్టిగున్నయి, రోట్ల ఏసి జర పగలగొట్టిన. పిల్లలకు తొండాలిచ్చిన. అందరు మస్తు మురిసిండ్రు. నీ మనుమరాలి అత్తోళ్లు పెద్దోళ్లే అవ్వా, గిసోంటి సక్కెర మేమెన్నడు సూడలే అన్నరు."

 నాయిన రోలు వైపు చూసి, ఆమె వైపు తిరిగాడు.

"ఎవర్ని అడిగి పంచినవే?"

అంత గట్టిగా ఆయన తల్లి మీద అరవడం నేనెన్నడూ వినలేదు. పక్కింట్లో రేడియో ఆగిపోయింది.

నాయనమ్మకు ఇంకా అర్థం కాలేదు. "పంచేటానికి అడుగుడేందిరా?" అంది.

అమ్మ ఏడుస్తూ చెప్పింది. అది పంచే చక్కెర కాదని, ఆరతి చక్కెరని, సాయంత్రం చంద్రుడు రావాలని, విరిగితే సంబంధం ఉండదని. నాయనమ్మ ఒక్కో మాటకు నమలడం నెమ్మదించి, చివరికి వక్క ఉమ్మేసి నోరు తుడుచుకుంది. "నాకెవ్వరు చెప్పలే గదా" అంది. ఆ మాట నిజం. ఇన్ని వారాలుగా చక్కెర ఏదని ఆమె అడుగుతూ ఉంటే నవ్వి ఊరుకున్నవాళ్లమే అందరం. పొద్దున చక్కెర వచ్చాక ఇది దేనికో ఆమెకు చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. నాకు ఎవరి మీద కోపమో నాకే తెలియలేదు.

ఏడుస్తూ కూర్చుంటే ఏమొస్తుందని పొయ్యి వెలిగించాను. చక్కెర ఉంది, పాలున్నాయి, పాకం పట్టడం నాకు వచ్చు. అచ్చులే లేవు. గరిజెలు, అదే కజ్జికాయలు, ఒత్తే చెక్క ఒకటి ఉంది. అందులో పోస్తే ఏదో ఒక ఆకారం రాకపోతుందా అనుకున్నాను. పాలు పోసి మురికి తీశాను, వడగట్టాను, అత్తమ్మ చెప్పినట్టే గంటెతో గిన్నె అంచుకు రుద్దాను. మొదటిసారి పాకం లేతదై అచ్చులోంచి కారిపోయింది. రెండోసారి బాగా కుదిరింది. తెల్లగా, చిక్కగా. చేతులు కాలుతున్నా పోశాను. ఆరాక తీయబోతే చెక్కకు పట్టేసింది. కత్తితో కదిపితే ముక్కలై ఊడింది. అచ్చు రాత్రంతా నానాలి. ఆమె పొద్దున్నే చెప్పింది. రాత్రి ఎక్కడి నుంచి తేను? కిటికీలోంచి ఎండ అప్పటికే పచ్చబడుతోంది.

నేను పొయ్యి దగ్గర కుస్తీ పడుతుంటే వెనక అమ్మానాయిన గుసగుసలు. చీమలు పట్టాయని చెబుదామన్నాడు నాయిన. అన్నిటికీ పడతాయా, నమ్మరంది అమ్మ. పిల్లి దూకిందందామా? పిల్లి రోట్లో దంచుతుందా? ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాసేపటికి అమ్మ గొంతు తగ్గించి అంది.

"అత్తకు మతి లేదని చెప్దం. ముసలితనం, ఏం చేస్తుందో ఆమెకే తెల్వదు అని. అయ్యో పాపం అంటరు. తప్పు మనమీదికి రాదు."

నాయిన భుజం మీది టవల్‌తో మెడ తుడుచుకున్నాడు. "గంతే జేద్దం" అన్నాడు.

నేను గంటె విసిరేశాను. "సిగ్గుందా మీకు?" అని అరిచాను. "ఆమెకు మతి లేదా? వాడకట్టంత పేరు పేరునా గుర్తువెట్టుకుని ఇచ్చొచ్చింది. మీకున్నదా గా మతి?"

"అయితే నీ పెళ్లి ఇడుసుకుంటవా?" అంది అమ్మ.

 విడుచుకోలేను. ఆ రెండో ప్లేటు మీఠా మనిషిని నేను విడుచుకోలేను. నాయనమ్మను పిచ్చిదాన్ని చేసి ఆ ఇంట్లో అడుగు పెట్టనూ లేను. 

తిరిగి చూస్తే నాయనమ్మ గడపలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో.

"గట్లనే చెప్పుండ్రి" అంది నాయినతో. "నాకు మతి లేదనే చెప్పుండ్రి. నాకేం గాదు." గోడకు ఆనించి ఉన్న తాంబాళం అందుకోబోయి, మళ్లీ వద్దనుకుని, వంటింట్లోంచి ఒక స్టీలు డబ్బా తీసుకుని బయటికి పోయింది.

ఎక్కడికి పోతోందో నాకు ముందు తట్టలేదు. తట్టాక వీధిలోకి పరుగెత్తాను. మూల ఇంటి ముందు ఆమె నిలబడి ఉంది, డబ్బా రెండు చేతులతో పట్టుకుని. గడప ఎక్కలేదు. "ఏమనుకోకమ్మా. తినంది ఏమన్న ఉంటే జర తిరిగియ్యి" అంటోంది. లోపలి ఆవిడ తత్తరపడి ఒక ముక్క తెచ్చి వేసింది. నాయనమ్మ తల ఎత్తకుండా తీసుకుని పక్కింటికి నడిచింది.

బొంబాయిలో పస్తులున్న రోజుల్లో కూడా ఎవరి గిన్నె ముందూ చేయి చాపలేదని ఆమె గొప్పగా చెప్పుకునేది. ఇచ్చింది తిరిగి అడగడం కంటే తలవంపు మా వాడకట్టులో ఇంకొకటి లేదు.  "అవ్వా, ఇగ సాలు, ఇంటికి పా" అని చేయి పట్టుకున్నాను. విడిపించుకుంది. ఒక ఇంటి ముందు పిల్ల నోట్లో ఉన్న తొండాన్ని వాళ్లమ్మ లాగి ఇవ్వబోతే మాత్రం, "వద్దు, తిననియ్యి" అని గబగబా అక్కడి నుంచి వచ్చేసింది.

ఆమె డబ్బాతో మా గుమ్మం ముందుకు రావడమూ, కారు వచ్చి ఆగడమూ ఒక్కసారే అయ్యాయి.

అందరూ లోపలికొచ్చారు. అత్తమ్మ నేరుగా దేవుడి గూటి వైపు చూసింది. తర్వాత నా మొహం చూసింది. నాయిన ముందుకొచ్చి, "వదినె, జరంత పొరపాటైంది. మా అమ్మకు ఈ నడుమ మతి..." అని మొదలుపెట్టాడు.

"లేదత్తమ్మా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మా నాయనమ్మకు మతి మంచిగుంది. మా వాడకట్టుల సంబంధం ఖాయమైతే అత్తోళ్లు సక్కెర తెస్తరు. వచ్చిన దినమే పంచాలె, దాసుకోవద్దు. మీరు తెచ్చింది ఆ సక్కెర అనుకుంది. పగలగొట్టి అందరికి పంచింది. ఇది ఆరతికని ఆమెకు మేం చెప్పలే. మీరు ఇడిసిపెట్టుకుంటే పెట్టుకోండ్రి గని, ఆమెను మాత్రం ఏమనొద్దు."

మేనత్త చేయి నోటి మీద వేసుకుంది. "అయ్యో! మొత్తమా? గింతకంటె అపశకునం ఉంటదా? పా వదినె, పోదం పా. గిది జరిగేది గాదు."

"అత్తా, నువ్వు జర ఊకో" అన్నాడు అబ్బాయి. అతని మొహం పాలిపోయి ఉంది. అతనూ వాళ్లమ్మ వైపే చూస్తున్నాడు. ఆమె ఏమంటే అదే జరుగుతుందని అక్కడున్న అందరికీ తెలుసు.

అత్తమ్మ నాయనమ్మ దగ్గరికి వెళ్లి డబ్బా అడిగి తీసుకుంది. మూత తీసి చూసింది. ఒక చిలుక తోక, ఏనుగు కాళ్లు, రథం చక్రం సగం, మిగిలింది పలుకులు. చక్రం ముక్కను వేళ్ల మధ్య పెట్టుకుని తిప్పి చూసింది. 

"మా అమ్మ అచ్చు" అంది మెల్లగా. బాధ దాచుకోలేదు. దాచుకోవాలని కూడా చూడలేదు. తర్వాత నాయనమ్మను అడిగింది, "ఎంతమందికి ఇచ్చిండ్రు పెద్దమ్మా?"

"అందరికి" అంది నాయనమ్మ, నేల చూపులు చూస్తూ. "ఎవ్వర్ని ఇడవలే. తప్పైంది బిడ్డా."

"మీకేమన్న ఉంచుకున్నరా?"

నాయనమ్మ అడ్డంగా తల ఊపింది.

అత్తమ్మ కళ్లు తుడుచుకుని తాంబాళం తెమ్మంది. నేల మీద కూర్చుని ముక్కలు ఒక్కొక్కటే పేర్చసాగింది. చిలుక తోక ఒక వైపు, ఏనుగు కాళ్లు ఒక వైపు, మధ్యలో సగం చక్రం. మేనత్త ఏదో అనబోతే, "బ్యాడ, ఏం మాట్లాడకు" అంది, తల ఎత్తకుండానే. "ఇరిగింది దాసుకుంటె గద అపశకునం. పంచితె అపశకునమెట్లయితది? మా ఊళ్ల గూడ ఆరతి అయినంక ఇవి వాడకట్టుకే పోతయి. ఈమె జర ముందుగాల ఇచ్చింది."

చంద్రుడు వచ్చాడు. నన్ను పీట మీద కూర్చోబెట్టారు. ఆ ముక్కల చుట్టూ దీపాలు పెట్టి తిప్పారు.  ఆరతి అయ్యాక అత్తమ్మ తాంబాళం తీసుకెళ్లి నాయనమ్మ ముందు పెట్టింది. "ఇగ పంచుండ్రి పెద్దమ్మా, మీ చేతులతోనే" అంది. మనస్ఫూర్తిగానే అంది.

నాయనమ్మ చేయి కదల్లేదు. తాంబాళం వైపు చూసింది, మమ్మల్నందర్నీ చూసింది, చివరికి మూలన నిలబడ్డ మా నాయిన వైపు తిరిగింది.

"పంచొచ్చునా కొడుకా?"

నాయిన గోడ వైపు తిరిగి భుజం మీది టవల్‌తో మొహం కప్పుకున్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే.

పెళ్లి అయింది. నేనిప్పుడు గద్వాలలో ఉంటాను. ఏటా కార్తీక పున్నమి ముందు రోజు అత్తమ్మా నేనూ అచ్చులు నానబెడతాం. రథం ఇప్పుడు నేనే పోస్తున్నాను, చక్రాలు విరక్కుండా తీయడం నేర్చుకున్నాను. మా ఇంట్లో రెండో ప్లేటు మనిషి అడుగున మిగిలిన పాకం గీక్కుని తింటాడు. పోయిన పున్నమికి మంచి ఏనుగునొకదాన్ని గుడ్డలో చుట్టుకుని, గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఒడిలోనే పెట్టుకుని, నాయనమ్మకు తీసుకుపోయాను.

ఆమె దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని మురిసిపోయింది. అప్పుడే పక్కింటి చిన్నపాప వచ్చి గడప పట్టుకుని నిలబడింది, ఏనుగు వైపే చూస్తూ. మా పాత నాయనమ్మైతే ఆ పాప నోరు తెరిచేలోపే తొండం విరిచి నోట్లో పెట్టేది.

"ఈ పిల్లకు జరంత ఇయ్యొచ్చునా బిడ్డా?" అంది నాతో.

"నీదే అవ్వా. నీ ఇష్టం. ఇయ్యి" అన్నాను. ఒకటికి నాలుగుసార్లు చెప్పాను. చివరికి కోపంతో అరిచాను కూడా.

"ఉండు, నా కొడుకు రానీ" అంది.

ఏనుగును ఒడిలో పెట్టుకుని కూర్చుంది. నాయిన డిపో నుంచి వచ్చేసరికి ఆ పాప వాళ్లింటికి వెళ్లిపోయింది.